బరువు తగ్గే సూదిమందు: ముందూ వెనకా చూసుకుందాం

(శ్రీకాకుళంలో ఉదయపు నడకకు వచ్చే మిత్రుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య సభలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం, సభికుల ప్రశ్నలతో)

పెద్దలందరికీ నమస్కారం. ఆదివారం పూట నడక ముగించుకుని, టిఫిన్ వేళకి కూడా ఇంటికి వెళ్లకుండా ఇక్కడే కూర్చున్నారు. మిమ్మల్ని ఎక్కువసేపు ఆపను, నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

ఈ మధ్య బీపీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా మందుల చీటీ తీసుకుని లేచి, తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నారు. "అమ్మా, బరువు తగ్గడానికి సూది ఏదో వచ్చిందంట కదా, మంచిదేనా?" అని అడుగుతున్నారు. అడిగేటప్పుడు గొంతు తగ్గించేస్తారు. షుగర్ గురించి గట్టిగా అడుగుతారు, గుండె గురించి గట్టిగా అడుగుతారు, బరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏదో తప్పు చేసినట్టు తల దించుకుంటారు. నాకు ముందు బాధ కలిగేది అక్కడే. ఆ సిగ్గు వల్లే చాలామంది డాక్టరుని అడగడం మానేసి, జిమ్‌లో ఎవరో చెప్పారని, మెడికల్ షాపులో తెలిసినవాడు ఉన్నాడని, గుట్టుగా తెచ్చుకుని వేసుకుంటున్నారు. మందు మంచిదే కావచ్చు. దాన్ని గుట్టుగా వాడటం మాత్రం మంచిది కాదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ మాట చుట్టూనే ఉంటుంది.

"నోరు కట్టుకుంటే సరిపోదా?" అని ఇంట్లోవాళ్లు అంటారు. సరిపోదు, చాలామందికి సరిపోదు. ఒకసారి పెరిగిన బరువుని శరీరం వదులుకోదు. మనం తిండి తగ్గించి నాలుగు కిలోలు తగ్గితే, ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గుతాయి. నెలల తరబడి అలాగే ఉంటాయి. అంటే తగ్గిన మనిషికి అంతకు ముందుకన్నా ఎక్కువ ఆకలేస్తుంది. అందులో మనోబలం లేకపోవడం, తిండిపోతుతనం అనే మాటలకి చోటు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో మన రాష్ట్రంలో నూరుమంది ఆడవాళ్లలో 36 మంది బరువు ఎక్కువున్నవాళ్లే. ఇంతమందికీ ఒకేసారి నోరు అదుపు తప్పిందంటే ఎలా నమ్ముతాం?

సరే, ఈ మందు ఏం చేస్తుంది? మనం అన్నం తిన్నాక పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను వస్తుంది. రక్తంలో షుగర్ పెరిగితే ఇన్సులిన్ వదలమని క్లోమానికి చెబుతుంది. కడుపులో అన్నం నెమ్మదిగా కిందికి దిగేలా చేస్తుంది. ఇక చాలని మెదడుకి కబురు పెడుతుంది. కానీ అది ఒంట్లో రెండు మూడు నిమిషాలకన్నా నిలవదు, కరిగిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. 1990ల మొదట్లో న్యూయార్క్‌లో జాన్ ఎంగ్ అనే డాక్టరు, గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో ఇలాంటి పదార్థమే ఉందని, అది ఎక్కువసేపు నిలుస్తుందని కనిపెట్టాడు. దాని ఆధారంగా వచ్చిన మొదటి మందు 2005లో షుగర్ రోగులకి అందింది. రోజుకి రెండుసార్లు పొడుచుకోవాల్సి వచ్చేది. ఇప్పుడున్న సెమాగ్లుటైడ్ వారానికి ఒక్కసారి చాలు. టిర్జెపటైడ్ కూడా వారానికి ఒకసారే. అది జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోను పని కూడా చేస్తుంది. మన దేశంలో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ వెగోవి పేరుతో 2025 జూన్‌లో వచ్చాయి.

తగ్గుతారా అంటే, తగ్గుతారు. 2021లో వెలువడిన పెద్ద పరిశోధనలో 1,961 మంది 68 వారాలు పాల్గొన్నారు. సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్లు సగటున తమ బరువులో 15 శాతం దాకా తగ్గారు, మందు లేని ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లు రెండున్నర శాతం లోపే తగ్గారు. ఇద్దరికీ తిండి విషయంలో, వ్యాయామం విషయంలో సలహాలు ఒకటే. టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో 72 వారాలకి సుమారు 21 శాతం తగ్గారు. అంటే 80 కిలోల మనిషి మొదటి మందుతో 12 కిలోల దాకా, రెండోదానితో 16 కిలోల పైన. ఇవి సగటు లెక్కలు. కొందరు ఇంతకన్నా ఎక్కువ తగ్గుతారు, కొందరు పెద్దగా తగ్గరు. గుండెజబ్బు ఉండి బరువు కూడా ఎక్కువున్న 17,604 మందిమీద చేసిన ఇంకో పరిశోధన 2023లో వచ్చింది. సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం, ఈ మూడూ కలిపి 20 శాతం తగ్గాయి. అందుకే దీన్ని అందానికి వేసుకునే సూది అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రాణాలు కాపాడే మందు ఇది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మందు ఆపేస్తే? మొదట చెప్పిన పరిశోధనలోనే కొంతమందిని మందు ఆపాక ఏడాది పాటు గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. పన్నెండు కిలోలు తగ్గినవాళ్లకి ఎనిమిది కిలోలు వెనక్కి. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. కాబట్టి "మూడు నెలల కోర్సు ఉంటుందా అమ్మా?" అని అడిగితే, లేదనే చెబుతాను. ఏళ్ల తరబడి వాడాల్సిన మందుగా లెక్క వేసుకుని మొదలుపెట్టాలి. ఖర్చు కూడా అలాగే లెక్క వేసుకోండి. మౌంజారో వచ్చిన కొత్తలో చిన్న మోతాదు సీసా 3,500 రూపాయలు, దాని పైది 4,375. వారానికొకటి చొప్పున నెలకి పద్నాలుగు వేల నుంచి పదిహేడున్నర వేలు. మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో నెల మొత్తానికి అంత సంపాదన ఉంటుంది? సెమాగ్లుటైడ్ పేటెంటు మన దేశంలో 2026 మార్చితో తీరిపోయింది కాబట్టి దేశీయ కంపెనీలకి దారి తెరుచుకుంది. ధర దిగితే నాకు సంతోషమే. కాకపోతే ధర దిగేకొద్దీ చూసుకోకుండా వేసుకునేవాళ్లు పెరుగుతారన్న భయం కూడా ఉంది.

ఆ చూసుకోవడం అంటే ఏమిటో మన జిల్లా మనుషుల్నే పెట్టి చెబుతాను.

మొదటిది నీళ్లు, కిడ్నీ. ఈ మందు మొదలుపెట్టినప్పుడూ, మోతాదు పెంచినప్పుడూ వికారం, వాంతులు, విరేచనాలు, కొందరికి మలబద్ధకం రావడం మామూలు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కానీ ఆ వాంతుల్లో నీళ్లు పోతాయి. తినాలనిపించనట్టే తాగాలని కూడా అనిపించదు. ఒంట్లో నీరు తగ్గిపోతే కిడ్నీ మీద పడుతుంది. మే నెలలో, కొబ్బరితోటలోనో జీడితోటలోనో పొద్దంతా పని చేసే మనిషికి ఇది ఇంకా ప్రమాదం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ పేర్లు వింటే మీకు ఏం గుర్తొస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఈ ఊళ్లున్న ఉద్దానంలో, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. అక్కడి కిడ్నీ జబ్బు చాలామందికి షుగర్ లేకుండా, బీపీ లేకుండా, చప్పుడు చేయకుండా వస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైనాయి కానీ అసలు కారణం ఇంకా తేలలేదు. కాళ్లు వాచే దాకా తనకి జబ్బుందని తెలియని మనిషి అక్కడ ఏ ఊళ్లోనైనా ఉండొచ్చు. అలాంటి మనిషి క్రియాటినిన్ చూపించుకోకుండా ఈ సూది వేసుకుని, నాలుగు రోజులు వాంతులు చేసుకుంటే, ఉన్న కాస్త కిడ్నీ కూడా దెబ్బతింటుంది. అందుకే మన జిల్లాలో ఈ మందు మొదలుపెట్టేముందు క్రియాటినిన్, యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష చేయించందే నేను చీటీ రాయను. వాంతులు ఒక రోజుకి మించి ఆగకపోతే వచ్చే వారం సూది వేసుకోకుండా ముందు ఫోన్ చేయమంటాను.

రెండోది కండ. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

బరువు తగ్గితే కొవ్వు ఒక్కటే తగ్గదు. తగ్గిన ప్రతి పది కిలోల్లో రెండున్నర నుంచి నాలుగు కిలోల దాకా కండ, కొవ్వు కాని మిగతా భాగం ఉంటుంది. టెక్కలి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. అరవై దాటాయి. విశాఖలో ఉండే కొడుకు తెచ్చి పెట్టిన సూదులు వేసుకుంటూ వచ్చింది. బాగా తగ్గింది, చీర కుచ్చిళ్లు ఎక్కువ వస్తున్నాయని చెప్పి మురిసిపోయింది. "ఏం తింటున్నావమ్మా?" అంటే, "ఏటి తింటానమ్మా, కూడు సూస్తేనే ఎగటు. రెండు ముద్దలు సారన్నం, ఇంత మజ్జిగ" అంది. గుడ్డు మానేసింది, చేప వాసన పడటం లేదు, పప్పు బరువుగా ఉంటోందని మానేసింది. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని లేవమన్నాను. లేవలేకపోయింది. ముందుకి ఊగింది, మళ్లీ ఊగింది, చివరికి బల్ల పట్టుకుని లేచింది. అంతకు ముందు లావుగా ఉన్నప్పుడు పీట మీద కూర్చుని కూర తరిగి, గోడ పట్టుకోకుండా లేచేదట. తూకంలో పది కిలోలు తగ్గింది నిజమే, ఆ పదిలో ఆవిడ తొడల బలం కూడా పోయింది. ఆ వయసులో బాత్‌రూములో జారి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

దీనికి మందు ఆపక్కర్లేదు. మోతాదు ఒక మెట్టు దించాం, ఏం తినాలో రాసి ఇచ్చాం. ఆకలి లేనప్పుడు పళ్లెంలో మొదటి నాలుగు ముద్దలు మాంసకృత్తులవే అయి ఉండాలి. అన్నం చివర్న. మనకేం తక్కువ? కవళ్లు, నెత్తళ్లు చవగ్గా దొరికే సముద్రతీరం మనది. గుడ్డు ఉంది. తిననివాళ్లకి పెసలు, ఉలవలు, శనగలు, పెరుగు, పనీర్ ఉన్నాయి. మామూలుగా కిలో బరువుకి ఒక గ్రాము, అంటే 70 కిలోల మనిషికి రోజుకి కనీసం 70 గ్రాముల ప్రోటీన్ చూసుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క పట్టుకోవద్దు, వాళ్ల లెక్క వేరు, డాక్టరు చెప్పాలి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. అందుకని పొద్దున ఒక గుడ్డు తిన్నాం కదా, అయిపోయింది అనుకోవద్దు.

ఇక వ్యాయామం. మీరంతా నడుస్తారు, చాలా మంచిది. కానీ నడక ఒక్కటే కండని నిలబెట్టదు. బరువు ఎత్తాలి. ఆడవాళ్లు నవ్వుతున్నారు! ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన జిల్లా ఆడపిల్లే. మిమ్మల్ని అంత ఎత్తమనడం లేదు. లీటరు నీళ్ల బాటిల్ చెరో చేత్తో పట్టుకుని ఎత్తండి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోండి, పదిసార్లు. గోడకి చేతులు ఆన్చి తోయండి. వారానికి మూడు రోజులు చేసినా తేడా తెలుస్తుంది.

మూడోది షుగర్ మందులు. ఈ సూది ఒక్కటే తీసుకుంటే షుగర్ బాగా పడిపోవడం అరుదు. కానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో తీసుకుంటూ దీన్ని కలిపితే పడిపోతుంది. ఒకాయన ఎవరికీ చెప్పకుండా సూది మొదలుపెట్టి, పాత మాత్ర అలాగే వేసుకుంటూ, కార్తీక సోమవారం ఉపవాసం పట్టి శ్రీముఖలింగం బయల్దేరాడు. బస్సులోనే చెమటలు పట్టి, మాటలు తడబడితే, పక్కసీటాయన తన దగ్గరున్న బెల్లం ముక్క నోట్లో పెట్టాడట. దేవుడి దయ, ఆ పక్కసీటాయన తెలివి. సూది మొదలుపెడుతున్నప్పుడు పాత మాత్ర మోతాదు తగ్గించాలా, ఆపాలా అన్నది డాక్టరు చూడాల్సిన పని. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లు కంటి రెటీనా పరీక్ష కూడా ముందే చేయించుకోండి. షుగర్ ఒక్కసారిగా దిగితే రెటీనా సమస్య ఉన్నవాళ్లకి అది ముదరవచ్చు.

కొనడం, దాచడం గురించి రెండు మాటలు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, పైన గడ్డకట్టే అరలో పెట్టకూడదు. విశాఖలో కొని ఎండాకాలం బస్సు డిక్కీలో పడేసి తెస్తే పనికిరాదు, ఐస్ ప్యాక్ అడిగి తీసుకోండి. బయట ఎన్ని రోజులు ఉంచొచ్చో ఒక్కో మందుకి ఒక్కోలా ఉంటుంది, పెట్టెలోని కాగితంలో రాసి ఉంటుంది. ఫోన్‌లో ప్రకటన చూసి, బిల్లు లేని మందు కొనొద్దు. నకిలీ సెమాగ్లుటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరించింది. ఇంకోటి, అక్కాచెల్లెళ్లు ఈ మందు నింపి ఉండే ఒకే ఇంజెక్షన్ పెన్ను పంచుకోవడం చూశాను. సూది మార్చినా సరే, ఒకరి పెన్ను ఇంకొకరు వాడకూడదు. రక్తం ద్వారా వచ్చే జబ్బులు అంటుకుంటాయి.

మోతాదు నెమ్మదిగా పెంచాలి. సెమాగ్లుటైడ్ అయితే పావు మిల్లీగ్రాముతో నాలుగు వారాలు, తర్వాత అర, ఆ తర్వాత ఒకటి, అలా మెట్టు మెట్టుగా. తొందరపడి మెట్లు దాటినవాళ్లే వాంతులతో ఆసుపత్రికి వస్తున్నారు. కడుపు పైభాగంలో మొదలై వీపులోకి పాకే నొప్పి వచ్చి తగ్గకపోతే గ్యాస్ అని ఊరుకోవద్దు, వెంటనే రండి. క్లోమం వాపు కావచ్చు, పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. ఏదైనా ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి ఈ సూది సంగతి చెప్పి తీరాలి. పొట్టలో అన్నం నిలిచి ఉంటుంది కాబట్టి, పరగడుపున వచ్చామన్నా పొట్ట ఖాళీగా ఉండకపోవచ్చు.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక మహిళ: నాకు థైరాయిడ్ ఉంది. తీసుకోకూడదంటున్నారు, నిజమేనా?)

ఈ ప్రశ్న నన్ను రోజూ అడుగుతారు. మీరు పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటారు కదా? ఆ థైరాయిడ్‌కి ఇబ్బంది లేదు. మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అని అరుదైన రకం ఒకటి ఉంది. అది మీకు గానీ మీ రక్తసంబంధీకులకి గానీ వచ్చి ఉంటే, లేదా ఎమ్ఈఎన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉంటే, ఈ మందు వద్దు. కాకపోతే బరువు తగ్గాక మీ మాత్ర మోతాదు మారొచ్చు, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష మళ్లీ చేయించుకోండి.

(ఒక పెద్దాయన: ఎంత బరువుంటే ఈ సూది అవసరమంటారు?)

బరువుని, ఎత్తుని కలిపి బీఎమ్ఐ అని లెక్కేస్తాం. ఈ మందులకి మన దేశంలో అనుమతి ఇచ్చింది బీఎమ్ఐ 30 దాటినవాళ్లకి, లేదా 27 దాటి బీపీ, షుగర్ లాంటి జబ్బు కూడా ఉన్నవాళ్లకి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి 27 అంటే సుమారు 67 కిలోలు, 30 అంటే 74 దాటి. పొట్ట చుట్టుకొలత కూడా చూడండి, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి. అయిదారు కిలోలు ఎక్కువున్నవాళ్లకి ఈ సూది నేను రాయను.

(ఇంకొకరు: మా అమ్మాయి పెళ్లి మాఘమాసంలో. అప్పటికి పది కిలోలు తగ్గాలంటోంది.)

అమ్మాయి బీఎమ్ఐ ఎంతో చూడాలి ముందు. బాబుగారూ, కోపం తెచ్చుకోకండి, అమ్మాయికి నిజంగా అవసరమా, లేక చూసివెళ్లినవాళ్లెవరైనా ఏదైనా అన్నారా? ఎవరో అన్న మాట కోసం మందు వద్దు. అవసరమే అయినా, మెట్లెక్కి పూర్తి మోతాదుకి చేరడానికే నాలుగు నెలలు పడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, పెళ్లయ్యాక పిల్లలు కావాలనుకుంటే సెమాగ్లుటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడూ, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడకూడదు, వేరే పద్ధతి కూడా ఉండాలి. ఇవన్నీ అమ్మాయితోనే మాట్లాడాలి. తనని తీసుకురండి, మీరు బయట కూర్చోండి.

(వెనక వరుసలోంచి: మాది కవిటి. మా అన్నయ్యకి షుగర్, క్రియాటినిన్ కూడా పెరిగింది, మనిషి బాగా లావు. కిడ్నీకి ఈ సూది చెడ్డదని వదిలేయమంటారా?)

వదిలేయమనను. జాగ్రత్తగా వినండి. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న 3,533 మంది మీద సెమాగ్లుటైడ్ పరిశోధన 2024లో వచ్చింది. కిడ్నీ పూర్తిగా చెడిపోవడం, కిడ్నీ వల్ల, గుండె వల్ల మరణం, ఇలాంటివన్నీ కలిపి 24 శాతం తగ్గాయి. అంటే సరైన మనిషికి, సరైన పర్యవేక్షణలో ఇదే మందు కిడ్నీని కాపాడుతుంది. నేను ఇందాక భయపడింది వాంతులు, నీళ్లు తగ్గడం గురించి, ఎవరూ చూడకుండా వేసుకోవడం గురించి. అయితే మీ అన్నయ్యది షుగర్ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బా, ఉద్దానం జబ్బా, రెండూ కలిశాయా అన్నది తేల్చాలి. ఆ పరిశోధన చేసింది షుగర్ జబ్బు ఉన్నవాళ్ల మీద. ఉద్దానం జబ్బుకి దాన్ని అలాగే అన్వయించలేం. యూరిన్‌లో ఆల్బుమిన్ ఎంత పోతోంది, కంట్లో రెటీనా ఎలా ఉంది, షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, ఇవి చూస్తే చాలావరకు తెలుస్తుంది. కిడ్నీ డాక్టరుతో కూడా మాట్లాడి నిర్ణయిద్దాం. పాత రిపోర్టులు ఒక్కటి కూడా పారేయకండి, క్రియాటినిన్ ఏ ఏడాది ఎంత ఉందో వరసగా కనపడాలి. సంచీలో వేసుకుని మీ అన్నయ్యని వెంటబెట్టుకుని రండి. అప్పటిదాకా నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దని చెప్పండి.